పాలిపోయిన వరి కోసం డిగ్లీపూర్ దాకా

అండమాన్ వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. "బీచ్‌లు ఎలా ఉన్నాయి? నీళ్ళు నిజంగానే నీలంగా ఉంటాయా?" మా చెల్లెలైతే ఫోటోలు పంపమని రోజూ ప్రాణం తీసింది. పంపాను. నాలుగు వరి దుబ్బులు, బోలెడంత బురద, ఒక ఆవు. ఆ తర్వాత మళ్ళీ అడగలేదు.

నేను వరి ఆకుల మనిషిని. కోస్తాలో ఒక పరిశోధన కేంద్రంలో ముప్ఫై ఏళ్ళుగా ఆకుపచ్చ రంగు గురించే నా ఉద్యోగం. ఆకులో పత్రహరితం ఉంటుందని బడిలో అందరం చదువుకున్నదే. ఆ పత్రహరితాన్ని దగ్గర పెట్టుకుని ఎండను ఒడిసిపట్టే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువులది పెద్ద ఉమ్మడి కుటుంబం. ఒకడు పని మానేస్తే పినతండ్రి కొడుకు వచ్చి చేసేస్తాడు. ఎవడు చేస్తున్నాడో, ఎవడు కూర్చుని తింటున్నాడో తేల్చుకోవడానికే నా జుట్టు నెరిసింది.

పైరు మరీ పచ్చగా ఉంటే మంచిది కాదని నా వాదన. పై ఆకులు అక్కర్లేనంత ఎండను లాక్కుని, వాడుకోలేక వేడిగా పారబోస్తాయి. కింది ఆకులకు వెలుగే అందదు. పెళ్ళిలో మొదటి బంతివాళ్ళు విస్తరి నిండా పెట్టించుకుని సగం వదిలేస్తే, ఆఖరి బంతికి చారు నీళ్ళు మిగిలినట్టు. పత్రహరితం కాస్త తక్కువున్న వరి దొరికితే వెలుగు కింది దాకా దిగుతుంది, గింజ తగ్గదు అని తొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ల్యాబులో అలాంటి మొక్కలు చేశాం కూడా. తొట్టిలో ముద్దుగా ఉంటాయి. పొలంలో పెడితే పడుకుంటాయి.

పోయిన వేసవిలో మా డైరెక్టరు పిలిచి చెప్పేశాడు. "మేడమ్, రైతు పొలంలో నిలబడి పండిన పాలిపోయిన వరి ఒక్కటి చూపించండి. వచ్చే వేసవి లోపు చూపించలేకపోతే ఈ పని మూసేద్దాం." నాకు రిటైర్మెంటు ఇంకో ఏడాదిన్నర ఉంది. మూసేస్తే తొమ్మిదేళ్ళూ బీరువాలో కాగితాల కట్ట అయిపోతాయి.

అలాంటప్పుడు ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ నుంచి ఒక ఫోటో వచ్చింది. అప్పల్రాజు మాస్టారని అక్కడ బడిలో పంతులు. ఒకసారి పిల్లలను మా కేంద్రం చూపించడానికి తీసుకొచ్చాడు. కిందటి పంటప్పుడు తీసిన ఫోటోలో చిన్న మడిచెక్క. చెక్క నిండా లేత మామిడాకు రంగు వరి, బలంగా, వెన్నులతో. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. "గింజలు పంపండి మాస్టారూ" అని ఫోను చేశాను.

"నహీ హోగా మేడమ్‌గారూ. ఆ ముసలమ్మ ఇవ్వదు. ఆమెది ఒక రూల్ ఉంది. ఆ పొలంలో చేత్తో నాటినవాళ్ళకే గింజ. పోస్టులో పంపదంట."

అదీ సంగతి. పిడికెడు గింజల కోసం సముద్రం దాటాను.

అబర్డీన్ బజార్‌లో ఐసు వేట

పోర్ట్ బ్లెయిర్ పేరు మార్చారు గానీ ఆటోవాడి నుంచి హోటల్‌వాడి దాకా అందరూ పాత పేరే అంటున్నారు. నేనూ అదే రాస్తాను.

నా దగ్గర ఒక థర్మాకోల్ పెట్టె ఉంది. అందులో చిన్న గొట్టాలు, గొట్టాల్లో ఆకును పాడవకుండా ఉంచే ద్రవం, ఆకూ గింజా తీసుకెళ్ళొచ్చని అనుమతి కాగితం. ఆకు కోసిన క్షణం నుంచి లోపల జన్యువుల లెక్క మారిపోతూ ఉంటుంది కాబట్టి వెంటనే ద్రవంలో ముంచి చల్లగా ఉంచాలి. దానికి ఐసు కావాలి. సెప్టెంబరు వానలో గొడుగు చంకలో, పెట్టె నెత్తిన పెట్టుకుని బజారంతా తిరిగాను. కూల్‌డ్రింకులవాడు ఇవ్వనన్నాడు. జ్యూసువాడు రేపు రమ్మన్నాడు. చివరికి చేపల మార్కెట్‌లో ఒకావిడ పార తీసుకుని ఐసు ఎత్తిపోస్తూ అడిగింది, "క్యా మఛ్లీ హై దీదీ?" ఏం చేప అని.

"చేప కాదు. ఆకులు పెట్టుకోవడానికి."

"ఆకులకి ఐసా?" అని తెలుగులోకి దిగింది. వాళ్ళది పలాస వైపట. పక్క దుకాణం ఆవిణ్ణి పిలిచి మరీ చూపించింది నన్ను. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఇక్కడ టమాటాలు ఓడలో వస్తాయి కాబట్టి వాటి ధర వింటే చారు మీద ఆశ చచ్చిపోతుంది. చేప మాత్రం మన దగ్గర కంటే చవక, పైగా అంత తాజా చేప నేనెప్పుడూ తినలేదు. హోటల్‌లో కొబ్బరిపాలు పోసి వండిన పులుసు పెట్టారు. ముసలమ్మ మీద కోపం అరపూట తగ్గింది.

బస్సులో, పెట్టెతో

డిగ్లీపూర్ బస్సు తెల్లవారకముందే బయల్దేరుతుంది. జిర్కాటాంగ్ గేటు దగ్గర ఆపేస్తారు. అక్కడి నుంచి అడవి జరావా ఆదివాసుల సొంతం. బళ్ళన్నీ వరసకట్టి, వేళ ప్రకారం, ఆగకుండా, ఫోటో తియ్యకుండా పోవాలి. ఆ నియమం మీద నాకే ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా నా పెట్టె మీద. గేటు తెరిచేదాకా కూర్చున్న ప్రయాణికులంతా దాన్నే చూశారు.

కండక్టర్ వచ్చి, "మఛ్లీ ఊపర్ రఖో, దీదీ" అన్నాడు. చేపల పెట్టె బస్సు పైన పెట్టాలట.

"చేప కాదయ్యా బాబూ!"

మూత తీసి చూపించాను. ఖాళీ గొట్టాలూ ఐసూ చూసి, ఖాళీ ఐసు ఎందుకు మోస్తున్నానో అర్థంకాక నా మొహం కేసి జాలిగా చూశాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకోనిచ్చాడు. రోజంతా ఆ చలికి నా మోకాళ్ళు మొద్దుబారిపోయాయి. సముద్రపు పాయ దగ్గర బస్సుతో సహా పడవ మీదికి ఎక్కించారు. అక్కడా ఒకాయన అడిగాడు, ఏం చేప అని. ఈసారి "సుర్మయి" అని ఒక చేప పేరు చెప్పేశాను. ఆయన తృప్తిగా తలూపి వెళ్ళిపోయాడు.

మాయాబందర్: పక్క సీటు

మాయాబందర్‌లో పక్క సీటులోకి ఒక ముసలావిడ ఎక్కింది. ముక్కుకి రెండు వైపులా పుడకలు, చేతిలో గోనెసంచి, కాళ్ళకి చెప్పుల్లేవు. కూర్చుంటూనే నా పెట్టె మీద చెయ్యేసింది.

"ఏటి సేప?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "చేప కాదు. వరి ఆకులు పెట్టుకుంటాను. ఇంకా కొయ్యలేదు. కోశాక పెట్టుకుంటాను. ఐసు ముందే తెచ్చుకున్నాను. ఇంకేమైనా అడగాలా?"

"ఓలమ్మో, ఎంత కోపమో!" అని నవ్వింది. "వరాకులు వొండుకుంతారేటి మీవైపు?"

వండుకోం అని చెప్పాను. పాలిపోయిన ఆకుల వరి ఒకటుందట, దాని లోపల ఏముందో చూడాలి, దానికోసం ఇంత దూరం వచ్చాను, ఎవరో ముసలమ్మ నాటితే గానీ గింజ ఇవ్వనంటోంది, ఆమె మొండితనం కాకపోతే ఇదంతా పోస్టులో అయిపోయేది అని కసి తీరా చెప్పాను. ఆవిడ సంచిలోంచి ఉడకబెట్టిన చిలగడదుంప తీసి సగం నాకిచ్చింది. "మొండిదే మరి" అంది. "ముసిలోల్లంతా అంతే, దీదీ."

డిగ్లీపూర్‌లో దిగేసరికి అప్పల్రాజు మాస్టారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అరె, ఇద్దరూ కలిసే వచ్చేశారా! మేడమ్‌గారూ, ఈవిడే పోలమ్మ. పొలం ఈవిడదే. కూతురి పురిటికి మాయాబందర్ వెళ్ళింది."

నా నోట్లో చిలగడదుంప అలాగే ఉండిపోయింది. పోలమ్మ మాత్రం సంచి భుజాన వేసుకుని, "రాయె, నా మొండితనం సూద్దువుగాని" అంది.

డిగ్లీపూర్: పచ్చటి పొలం

పోలమ్మ వాళ్ళది పలాస వైపు బారువ దగ్గర చేపలుపట్టేవాళ్ళ కుటుంబం. మగవాళ్ళంతా సముద్రం మీదే. దీవికొచ్చాక ఇంత మడిచెక్క దొరికితే వరి వేశారు గానీ, వరికీ ఊద గడ్డికీ తేడా వాళ్ళకి తెలియలేదు. లేతప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, రైతులే పొరబడతారు.

"మొదటేడు మా అత్త వరంతా పీకీసి గడ్డి పెంచింది" అని దారిలో చెప్పింది పోలమ్మ. "అప్పుడెవులో ఈ తెల్లాకు వరి ఇచ్చినారు. తెల్లగున్నది వరి, పచ్చగున్నది గడ్డి. పిల్లలు సైతం పీకీగలరు. మాకు పెద్ద సదువు నేదు, దీదీ. రంగు సూసి పీకీడమే."

నేను దారి మధ్యలో ఆగిపోయాను. తొమ్మిదేళ్ళు నేను ఎండ లెక్కలు వేస్తూ కూర్చున్న సంగతిని వీళ్ళు కలుపు తీయడానికి వాడుకుంటున్నారు. వాళ్ళ అత్త కాలం నుంచి పండుతోంది, గింజ తగ్గిందని ఎవరూ అనలేదట. అనుమతి కాగితం పెట్టుకున్న జేబు తడుముకున్నాను, సంతోషం పట్టలేక.

మలుపు తిరిగాం. మడి కనిపించింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా నిగనిగలాడే ముదురు పచ్చ.

"ఏదమ్మా, తెల్లది?" అన్నాను.

పోలమ్మ గట్టు కేసి చూసింది. గట్టు మీద ఆమె కొడుకు సింహాచలం కొత్త చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, సంబరంగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు మడిలో ఎక్కువ భాగం సర్కారువాళ్ళిచ్చిన పచ్చ వరేనని మాస్టారు అన్నాడు. తెల్లాకుది నడుమ ఒక చిన్న చెక్కలో మాత్రమే వేస్తున్నారు, వాళ్ళమ్మ కోసం.

"నమస్తే మేడమ్. మీరొస్తారని మాస్టారు సెప్పినారు. పెద్ద ఆఫీసరమ్మ గదా, రోగమొచ్చిన పైరులాగ కనపడితే బాగోదని నిన్ననే పీకీసినాను. పక్క నుంచి పచ్చది తెచ్చి నాటీసినాను. ఏక్‌దమ్ క్లీన్!"

నేనేమన్నానో ఇక్కడ రాయను. సగం మాటలు నాకే గుర్తులేవు. మాస్టారు గొడుగు చాటుకి తప్పుకున్నాడు. సముద్రం దాటి, గేటు దాటి, పాయ దాటి, మోకాళ్ళు గడ్డకట్టించుకుని వచ్చింది నా మర్యాద కోసం పీకేసిన వరి చూడటానికా! సింహాచలం మొహం వాడిపోయింది. పాపం, అతను చేసింది అతిథి వస్తే ఇల్లు ఊడ్చినట్టే. ఆ మాట నాకు మర్నాటికి గానీ తోచలేదు.

"ఇంట్లో విత్తనం?" అని అడిగాను.

"ఉన్నదంతా సల్లీసినాను" అంది పోలమ్మ. "ఇత్తనాల కుండ కాళీ. మా అత్త గింజ ఇక్కడితో ఆఖరు."

"పీకినవి ఏటి సేసినావురా?" అని కొడుకుని అడిగింది.

"ఆవుకేసినాను."

పెంటకుప్ప మీద

ఇద్దరం పాక దగ్గరికి పరిగెత్తాం. ఆవు నిదానంగా నెమరు వేస్తోంది. దానికంటే ఖరీదైన మేత ఈ దేశంలో ఏ ఆవూ తిని ఉండదు. గాడిలో ఒక్క పోచ లేదు. పోలమ్మ వెనక్కి వెళ్ళి పెంటకుప్ప కెలికింది. ఆవు కాలితో తొక్కి వదిలేసినవి, వానకి తడుస్తూ, వేళ్ళకి ఇంకా మట్టి అంటుకుని ఉన్నవి దొరికాయి. ఏరగా ఏరగా తొమ్మిది దుబ్బులు.

జేబులోంచి చిన్న మీటరు తీసి ఒక ఆకుకి పెట్టాను. ఆకు కొయ్యకుండానే పచ్చదనం ఎంతో చెబుతుంది అది. పక్క మడిలో వరితో పోలిస్తే సగం కూడా లేదు. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. వాన కాబట్టి ఎవరూ చూడలేదు.

"కోసుకో మరి, ఆకులు" అంది పోలమ్మ. "డబ్బా తెచ్చినావు గదా."

కోసి లాభం లేదు. ఒకరోజు పెంటకుప్ప మీద పడి ఉన్న మొక్క ఆకులో జన్యువులను అడిగితే అవి "నన్ను పీకేశారు బాబోయ్" అని తప్ప ఇంకేమీ చెప్పవు. పైగా ఉన్న ఆకులు కోస్తే ఆ దుబ్బులు మళ్ళీ వేళ్ళూనుకోవు. బతికి గింజ పెడితేనే ఏదైనా.

"వద్దమ్మా. నాటుదాం" అన్నాను.

పోలమ్మ నన్ను ఎగాదిగా చూసి, చీర పైకి దోపుకుంది. సింహాచలం చేత ఒక మూల పచ్చవరి తీయించింది. అయిదు దుబ్బులు తను తీసుకుని నాలుగు నాకిచ్చింది.

ముప్ఫై ఏళ్ళుగా వరి మీద కాగితాలు రాశాను. ఊడ్పు మాత్రం జీవితంలో చెయ్యలేదు. మా కేంద్రం తొట్లలో పనివాడు నరసింహం నాటుతాడు, నేను లెక్క రాస్తాను. మొదటి అడుగులోనే బురద మోకాలి దాకా లాగేసింది. రెండో అడుగుకి కూలబడ్డాను, కళ్ళజోడు బురదలో పోయింది. సింహాచలం కాళ్ళతో వెతికి తీసిచ్చాడు. మొదటి దుబ్బుని రెండు చేతులా పట్టుకుని, లోతుగా, గట్టిగా, చుట్టూ మట్టి నొక్కి మరీ పెట్టాను. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఏటమ్మా, పాతీస్తన్నావు?" అంది పోలమ్మ. తన అయిదూ అప్పటికే అయిపోయాయి. "ఇన్నేళ్ళు వరి సదివినావు, నాటడం ఎవులూ సెప్పనేదేటి?"

నడుం విరిగిపోతోంది. వాన మెడ మీద నుంచి లోపలికి దిగుతోంది. ఇక నావల్ల కాలేదు. "పోలమ్మా, ఇంక నన్ను వదిలెయ్, నీకు దణ్ణం!" అని నాలుగో దాన్ని అలాగే విసురుగా బురదలో గుచ్చి గట్టెక్కేశాను.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర, వేడన్నం పెట్టారు. సింహాచలం నా పళ్ళెంలో మళ్ళీ మళ్ళీ వడ్డించాడు. వద్దంటే వినలేదు. మూడోసారి వడ్డించినప్పుడు నేనే చెప్పాను, "నీ తప్పేం లేదు బాబూ, మాస్టారు నీకు సరిగ్గా చెప్పలేదు" అని. మాస్టారు, "మేరీ గల్తీ, మేరీ గల్తీ, తప్పు నాదే" అని చెవులు పట్టుకున్నాడు.

తిరుగు దారి

మూడు రోజులున్నాను. తొమ్మిది దుబ్బులూ తలలు వేలాడేసి పడి ఉన్నాయి. బతుకుతాయో లేదో చెప్పలేం. "నీ నాలుగు నీవి, నా అయిదు నావి" అంది పోలమ్మ. "ఏది బతికితే దాని గింజ దానోల్లకి. అదే రూలు." వాదించబోయాను. ఈ మొక్కలు పోతే నా పనే పోతుందని చెప్పాను. నాదీ పోతాది గదా అంది.

బస్టాండులో సింహాచలం నా పెట్టె లాక్కుని, గొట్టాలు తీసి నా సంచిలో వేసి, అందులో రెండు పెద్ద వంజరం చేపలు, నిండా ఐసు పెట్టి తాడు బిగించి ఇచ్చాడు. పాయ దగ్గర పడవలో ఎవరో అడిగారు, ఏం చేప అని. "వంజరం" అన్నాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను చెబితే జనం నమ్మిన మొదటి నిజం అదేనని నాకే నవ్వొచ్చింది.

ఇంటికొచ్చాక

డైరెక్టరుకి రిపోర్టులో 'నమూనాలు: ఏమీ లేవు' అని రాశాను. ఆయన చదివి, "వేసవి దాకా చూద్దాం" అన్నాడు, మూసేద్దాం అన్న గొంతుతోనే.

డిసెంబరులో మాస్టారు నంబరు నుంచి ఫోను. మాట్లాడింది పోలమ్మ. ఫోను నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని అరుస్తోంది.

"దీదీ! నావి మూడు బతికినాయి. నువ్వు జాగర్తగా పెట్టిన మూడూ కుళ్ళిపోనాయి."

నేనూ అరిచాను. "నాలుగోది?"

"ఇసుక్కుని గుచ్చినావు సూడు, అదే! దిబ్బలాగ పెరిగినాది. లోతు నేకుండా పైపైన పెట్టినావు గదా. నాటడం అంటే అంతే మరి. ఎన్నులు ఏసినాది. అవి నీవి."

నా మీద నాకే కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. చివరికి "మీ ఆవు బాగుందా?" అని అడిగాను.

గింజ పోస్టులో రాలేదు. పోలమ్మ చెల్లెలి కొడుకు ఓడలో పనిచేస్తాడట, విశాఖ రేవులో దిగి మా కేంద్రం దాకా వచ్చి నా చేతిలో పెట్టాడు. పాత చీర ముక్కలో మూట, చేపల వాసన. విప్పితే పిడికెడు. పోలమ్మ తన వాటాలోంచి ఒక్క గింజ కూడా కలిపి ఉండదని నాకు తెలుసు.

జనవరి చివర్లో తొట్టిలో నారు పోశాను. అసలు మొలుస్తుందో లేదో, మొలిస్తే ఏ రంగులో వస్తుందో అని రోజుకి నాలుగుసార్లు చూసి నరసింహాన్ని విసిగించాను. రెండు వారాలకి ఒక పొద్దున్నే మెట్ల మీద ఉండగా అతని గొంతు వినిపించింది.

"మేడమ్, ఈ నారుకి కామెర్లొచ్చినట్టున్నాయి. అంతా తెల్లగా పాలిపోయింది. పీకేసి మంచిది పోసేయమంటారా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను!"

ఆ అరుపుకి పక్క గదిలోంచి డైరెక్టరు కూడా బయటికొచ్చాడు. నేను మెట్లన్నీ ఎలా దిగానో తెలియదు. తొట్టి నిండా లేత మామిడాకు రంగు. డైరెక్టరు వంగి చాలాసేపు చూశాడు. పొలంలో పండిందేనా అని అడిగాడు. పండిందే అన్నాను. అయితే ఈ వేసవికి మన మడిలో వేసి చూపించండి అని వెళ్ళిపోయాడు, ఈసారి వేరే గొంతుతో.

నరసింహం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. భయపడుతూనే అడిగాడు.

"అయితే మేడమ్, వీటిని నన్నే నాటమంటారా?"

"వద్దు. నేను నాటుతాను. నువ్వు గట్టు మీద నిలబడి నన్ను విసిగిస్తూ ఉండు, చాలు."